ఎడారిలో మునిగిన పడవలు

ఆ రోజు ఆ ఇంట్లో ఆరుగురున్నారు.

రేడియో మాష్టారు. ఆయన అక్కగారు, ఊరంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ. మూడోసారి పరీక్షకు కూర్చున్న, పడవ నడిపే సరంగు. సొంత పడవ ఉందని చెప్పుకునే పట్టు స్కార్ఫు ఆవిడ. పొద్దున్న తొమ్మిదిన్నరకు బ్రీఫ్‌కేసుతో దిగిన ఎగ్జామినర్. ఆరో మనిషి ఒక టూరిస్టు బోట్ల కంపెనీలో రిసెప్షనిస్టు.

రిసెప్షనిస్టు అన్నది అబద్ధం. ఆమె డిపార్ట్‌మెంట్ గూఢచారి. కోడ్ నేమ్ మిణుగురు.

మిగతా ఐదుగురిలో ఒకరు శత్రువుల మనిషి. ఎవరన్నది మధ్యాహ్నం పన్నెండయ్యేలోగా తేలకపోతే మిణుగురు అక్క ఇంటికి రాదు.

రెండు వారాల క్రితం చీఫ్ ఆమెను పిలిపించాడు. కూర్చోమని కూడా అనలేదు.

"పదహారో తారీఖున సర్వే లాంచీ బయల్దేరుతుంది. సముద్రం అడుగున మనం ఎక్కడెక్కడ శత్రు నౌకల చప్పుడు వినే యంత్రాలు దించామో తెలిసిన ఇంజినీరు ఒక్కరే. ఆవిడ ఆ లాంచీలో ఉంటుంది."

"మా అక్క."

"మీ అక్కే. పక్కనే గస్తీ బోటు వెళ్తుంది. అది ఉన్నంతసేపూ లాంచీ జోలికి ఎవరూ రాలేరు. నిన్న ఈ మెసేజ్ మన చేతికి చిక్కింది."

కాగితం మీద రెండే వాక్యాలు. 'పరీక్ష రోజు పన్నెండింటికి కాపలా కుక్క గొలుసు తెంచుకుంటుంది. ఇల్లు సిద్ధం.'

"కాపలా కుక్క అంటే గస్తీ బోటు. ఇల్లంటే?" అంది మిణుగురు.

"రేవు పైన గుట్ట మీద మెరైన్ రేడియో నేర్పే ఇల్లు. పడవల వాళ్లకు ఆపరేటర్ పరీక్ష అక్కడే. పదహారునే."

"గస్తీ బోటు కెప్టెన్‌కు ఒక్క మాట చెప్తే సరిపోదా సర్?"

"మన ఆఫీసులోనే వాళ్ల చెవి ఒకటుంది. ఇక్కడ రాసిన ప్రతి కాగితం వాళ్లు చదువుతున్నారు. అందుకే నీకు కాగితం లేదు, తోడు లేదు. ఆ ఇంట్లో ఎవర్నీ నమ్మకు."

"మిమ్మల్ని?"

చీఫ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నమ్మకపోతేనే మంచిది" అన్నాడు.

మర్నాడే ఆమె క్లాసులో చేరింది. జడకు పెట్టుకున్న క్లిప్పులో కెమెరా. చేతి గడియారంలో మెసేజ్‌లు పంపే యంత్రం. ఒళ్లో అందరి దగ్గరా ఉండేలాంటి రూళ్ల నోట్‌బుక్.

మేడ మీద గదే క్లాసు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కిటికీ. కిటికీలోంచి చూస్తే రేవు, దాని వెనక సముద్రం. బల్ల మీద ఇటుక కంటే కాస్త పెద్దదైన నల్ల రేడియో సెట్టు. మాష్టారు ఒకప్పుడు ఓడల్లో రేడియో ఆఫీసరు. మైకును పసిపిల్ల తల పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకునేవారు.

"మొదటి పాఠం. ప్రసారం అవుతున్నప్పుడు ఏరియల్ వైరు పీకకూడదు. పీకారా, సెట్టు కాలిపోతుంది. రాసుకోండి. రెండోది, సెట్టుకొక లైసెన్సు, మనిషికొక సర్టిఫికెట్. రెండూ ఉంటేనే నోరు విప్పాలి."

"లైసెన్సు ఉన్న సెట్టు నా పడవలో ఉంది మాష్టారూ. విప్పే నోరే లేదు" అన్నాడు సరంగు.

అతని పడవ పేరు తూనీగ. రేవులో అతని గొంతు తెలియనివాళ్లు లేరు. ఒడ్డు నుంచి కేకేస్తే నడిసముద్రంలో వినిపించేది. మైకు చేతిలో పెట్టగానే మాత్రం నాలుక మడత పడేది. అలా రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే కొత్త రూలు ప్రకారం తూనీగ రేవు దాటడానికి వీల్లేదు. ఇంట్లో నలుగురు తినేది ఆ పడవ మీదే.

మాష్టారు సెట్టుకున్న చిన్న మూత పైకెత్తి ఎర్ర బటన్ చూపించారు. "డిస్ట్రెస్ బటన్. అయిదు సెకన్లు నొక్కి పట్టుకుంటే మీ పడవ నంబరు, మీరున్న చోటు అందరికీ వెళ్లిపోతాయి. ఆ తర్వాత ఆపద పిలుపుల ఛానల్ పదహారులో మేడే, అంటే ప్రాణాపాయం, అని మూడుసార్లు పిలవాలి. అది విన్న దగ్గరి పడవ ఏ పనిలో ఉన్నా వదిలి రావాల్సిందే. చట్టం."

"పొరపాటున చెయ్యి తగిలితే?" అని అడిగింది స్కార్ఫు ఆవిడ.

"వెంటనే మైకు తీసుకుని తప్పయిందని చెప్పి రద్దు చెయ్యాలి. చెప్పినవాడికి శిక్ష లేదు. దాచినవాడికి జైలు."

క్లాసు సెట్టుకు ఏరియల్ ఉండేది కాదు. గాల్లోకి పోవాల్సిన మాట ఒక తీగ గుండా చిల్లుల ఇనప డబ్బాలోకి పోయి, అక్కడ ఉత్త వేడిగా మారిపోయేది. దాన్ని డమ్మీ లోడ్ అంటారని మాష్టారు చెప్పారు. పెద్దమ్మ దాన్ని కుంపటి అనేది. శిష్యులు మైకులో ప్రాక్టీసు చేస్తున్నంతసేపూ తమ్ముడి కాఫీ గ్లాసు తెచ్చి దాని మీద పెట్టేది.

అసలు ఏరియల్ డాబా మీద ఉంది. దాని వైరు కిటికీ పక్కనుంచి క్లాసు గదిలోకి వచ్చి, గోడ వెంబడి కింద వంటింటి పక్క గదిలో ఉన్న సెట్టుకు వెళ్తుంది. ఆ సెట్టుకు లైసెన్సు ఉంది. పెద్దమ్మ దాన్ని పొద్దస్తమానం మోగనిచ్చి, పడవల వాళ్ల మాటలు వింటూ కూరగాయలు తరుగుతుంది.

మొదటి వారం తిరిగేసరికి మిణుగురు అనుమానం మాష్టారి మీదికి మళ్లింది.

ప్రాక్టీసు కోసం ఆయన రోజూ చీటీలు ఇచ్చేవారు. మునిగే పడవ పేరు, అది మునిగే చోటు అక్షాంశ రేఖాంశాల్లో. మిణుగురు ఆ అంకెలను గదికి పట్టుకెళ్లి మ్యాపు మీద గుర్తులు పెట్టింది. ఇరవై మూడు చీటీలు. ఇరవై మూడు పడవలూ ఎడారిలోనే మునిగాయి. నీటిచుక్క లేని ఇసుకలో, ఒక్కోటి ఒక్కో చోట. ముప్పై ఏళ్లు ఓడల్లో తిరిగిన మనిషి పొరపాటున అలా రాస్తాడా? అవి అంకెలు కావు, కోడ్ అనుకుంది. చీఫ్‌కు పంపింది. 'మాష్టారు. నూటికి ఎనభై.'

మిగతా ఇరవై స్కార్ఫు ఆవిడకు కేటాయించింది. ఆవిడ నవ్వితే ఎదుటివాళ్లు అడిగిందేమిటో మర్చిపోయేవాళ్లు. లిప్‌స్టిక్ మూత తీసినప్పుడల్లా క్లిక్‌మని సన్నటి చప్పుడు. మిణుగురు ఎటు తిరిగితే ఆ లిప్‌స్టిక్ అటే తిరిగేది.

"నీ జడ క్లిప్పు బాగుందమ్మాయ్. ఎక్కడ కొన్నావు?" అని ఒకరోజు క్లాసులో అడిగింది ఆవిడ.

"మా అక్క ఇచ్చింది."

"అక్క ఏం చేస్తుంటుంది?"

"ఇంట్లోనే ఉంటుంది" అంది మిణుగురు. ఆ ప్రశ్నతో ఇరవై కాస్తా నలభై అయింది. మొత్తం నూట ఇరవై అయిందని ఆమెకు తర్వాతెప్పుడో తట్టింది.

ఇక పదహారో తారీఖు.

ఎగ్జామినర్ సన్నగా, నున్నగా దువ్వుకున్న తలతో ఉన్నాడు. సెట్టు పరీక్షించాలంటూ గదిలో ఒక్కడే పది నిమిషాలు తలుపేసుకున్నాడు. తర్వాత మాష్టారిని చూసి, "చదువు చెప్పినవాళ్లు పరీక్ష జరిగే అంతస్తులో ఉండకూడదు" అన్నాడు. మాష్టారు చెప్పులేసుకుని వాకిట్లోకి వెళ్లి, తన పరీక్షే అన్నట్టు పచార్లు మొదలుపెట్టారు.

పదకొండున్నరకు రాత పరీక్ష అయింది. స్కార్ఫు ఆవిడను మైకు ముందు కూర్చోబెట్టి మామూలు ఛానల్లో రేడియో చెక్ చేయించాడు. పావుగంట పట్టింది. మిణుగురు అతని కళ్లు చూసింది. ఆవిడ మాటలు వినడం లేదు, గడియారం చూస్తున్నాడు.

పన్నెండుకు మూడు నిమిషాలు.

కిటికీలోంచి దూరంగా రెండు తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయి. పెద్దది గస్తీ బోటు. పక్కన చిన్నది అక్క.

"సరంగు గారూ, రండి. మేడే పరీక్ష. కంగారు పడకండి. మీ పడవ పేరే పెట్టాను, మీ నంబరే, మునిగే చోటుతో సహా, సెట్టులో ఎక్కించాను. అలవాటైన పేరైతే నాలుక తిరుగుతుంది కదా" అన్నాడు ఎగ్జామినర్.

సరంగు కళ్లు చెమ్మగిల్లాయి. "దేవుడిలాంటి మనుషులు సార్ మీరు."

"ఒక్క మాట. మధ్యలో ఎవరైనా ఆపమని అరిచినా ఆపకూడదు. అది కూడా పరీక్షే."

సరంగు ముందు చీటీ పెట్టాడు. మిణుగురు కూర్చున్న చోటికి అంకెలు కనిపించాయి. ఇరవై మూడు గుర్తులు పెట్టిన చెయ్యి ఆమెది. మ్యాపు అక్కర్లేకుండానే చోటు తెలిసిపోయింది. ఇసుక కాదు. లాంచీకి ఉత్తరాన గంట ప్రయాణం.

రెండు వారాల్లో మొదటిసారి ఒక పడవ నీళ్లలో మునగబోతోంది.

ఇందులో ఏదో ఉందని మనసు పీకుతోంది. ఏమిటో చిక్కడం లేదు. ఎంత గట్టిగా అరిచినా ఆ మాట ఇనప డబ్బా దాటదు కదా?

తలుపు తోసుకుని పెద్దమ్మ వచ్చింది. చేతిలో కాఫీ గ్లాసు.

"పరీక్ష జరుగుతోంది. బయటికి వెళ్లండి" అన్నాడు ఎగ్జామినర్.

"నీ పరీక్ష నువ్వు చూసుకో నాయనా, నా గ్లాసు నేను చూసుకుంటా. వాడు వాకిట్లో పిచ్చి పట్టినట్టు తిరుగుతున్నాడు, వేడిగా ఒక గుక్క పడితే గానీ..." అంటూ గ్లాసు డబ్బా మీద పెట్టి, అరచెయ్యి ఆనించి చూసింది. "ఇదేమిటి, కుంపటి ఇంత చల్లగా ఉందేమిటి! ఈ స్కార్ఫు పిల్ల ఇందాకటిదాకా వాగుతూనే ఉందిగా?"

సరంగు మూత ఎత్తి బటన్ మీద బొటనవేలు పెట్టాడు. ఒకటి.

"కింద నా రేడియో కూడా పొద్దుట్నుంచీ మూగపోయింది."

రెండు.

డబ్బా చల్లగా ఉంది. కింద సెట్టు మూగపోయింది. మిణుగురు చూపు సెట్టు వెనక్కి వెళ్లింది. డబ్బా తీగ ఊడి బల్ల కింద వేలాడుతోంది. దాని చోట లావుపాటి నల్ల వైరు. కిటికీ గుండా డాబా మీదికి.

మూడు. నాలుగు.

"సరంగు అన్నా, ఆపు! అది నిజంగా పోతోంది!"

సరంగు ఆపలేదు. ఆపమన్నా ఆపకూడదు, అది కూడా పరీక్షే. అయిదు. సెట్టు పొడుగ్గా కూసింది. అతను మైకు అందుకుని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత స్పష్టంగా మొదలుపెట్టాడు. "మేడే, మేడే, మే..."

మిణుగురు బల్ల మీదుగా దూకి నల్ల వైరు లాగేసింది. చిటుక్కుమంది. కాలిన వాసన గదంతా నిండింది.

ఎగ్జామినర్ చేతిలోకి పిస్తోలు వచ్చింది. "గోడకు జరుగు" అన్నాడు మిణుగురుతో. తర్వాత స్కార్ఫు ఆవిడ వైపు తిరిగాడు. "చూస్తూ నిలబడ్డావేం? నిన్ను ఇక్కడ పెట్టింది ఇందుకే. దీన్ని పట్టుకో."

అంటే ఆవిడ ముఠా మనిషే. నలభై శాతం నిజమైనందుకు మిణుగురుకు సంతోషం కలగలేదు.

స్కార్ఫు ఆవిడ తాపీగా లేచి చెయ్యి చాచింది. "అది ఇటివ్వండి. మీరు వైరు తగిలించండి, టైం లేదు."

వైరు బిగించడానికి రెండు చేతులూ కావాలి. అతను పిస్తోలు ఇచ్చి సెట్టు మీదికి వంగాడు. ఆవిడ దాన్ని అతని చెవి వెనక ఆనించింది.

"వైరు కింద పెట్టు నాయనా."

"నువ్వు మా మనిషివి!"

"జీతం మాత్రం డిపార్ట్‌మెంట్‌లో తీసుకుంటున్నా." ఆవిడ మిణుగురు వైపు చూసింది. "చీఫ్ నీ గురించి నాకు చెప్పలేదమ్మాయ్. నువ్వే శత్రువనుకుని నీ మీద పదకొండు రిపోర్టులు పంపాను. నువ్వు వైరు పీకాక తెలిసింది, మన మనిషివేనని."

"నేను మీ మీద తొమ్మిదే పంపాను" అంది మిణుగురు.

ఎగ్జామినర్ నవ్వాడు. "ఎన్ని పంపుకుంటే ఏం? అలర్ట్ పోయింది. గస్తీ బోటు కదలాల్సిందే. మీరెవరో ముక్కూమొహం తెలియని గొంతుతో వద్దంటే వాళ్లు వింటారా?"

మిణుగురు కిటికీలోంచి చూసింది. రెండు తెల్ల చుక్కల మధ్య నీలం పెరుగుతోంది. కొండ చాటునుంచి మూడో చుక్క, నల్లటిది, లాంచీ వైపు వస్తోంది.

కాలిన వాసనకు మాష్టారు పరుగున మెట్లెక్కి వచ్చారు. పిస్తోలును చూడలేదు. సెట్టును చూశారు, ఊడిన వైరును చూశారు. మిణుగురు మూడు ముక్కల్లో సంగతి చెప్పింది. ఆయన వైరు కొస అందుకుని గోడకున్న పాత చోట బిగించి, సరంగు రెక్క పట్టుకుని కిందికి నడిపించారు. మిణుగురు, పెద్దమ్మ వెనకే దిగారు. స్కార్ఫు ఆవిడ పిస్తోలు దించకుండా ఎగ్జామినర్ దగ్గరే ఉండిపోయింది.

పెద్దమ్మ రేడియోకు గొంతు వచ్చింది.

"తూనీగ, తూనీగ, తూనీగ. ఇది గస్తీ బోటు. మీ అలర్ట్ అందింది. ఉత్తరానికి తిరిగాం. జవాబివ్వండి. ఓవర్."

"నన్ను లోపలేస్తారు, నా పడవ పోయింది..." సరంగు మైకు చేత్తో పట్టుకుని పీట మీద చతికిలబడ్డాడు.

"మొదటి రోజు ఏం చెప్పాను? చెప్పినవాడికి శిక్ష లేదు. నేను పక్కనే ఉన్నాను, నా లైసెన్సు మీద మాట్లాడు" అన్నారు మాష్టారు.

సరంగు నోరు తెరిచాడు. గాలి మాత్రమే వచ్చింది. మిణుగురు మైకు లాక్కోబోయింది. మాష్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "నంబరు ఆయనది. గొంతు కూడా ఆయనదే కావాలి. మీ మాట వాళ్లు నమ్మరు."

మిణుగురు సరంగు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. డిపార్ట్‌మెంట్ నేర్పింది ఏదీ అప్పుడు పనికిరాలేదు.

"అన్నా, ఆ లాంచీలో మా అక్క ఉంది."

సరంగు ఆమె మొహంలోకి చూశాడు. "సొంత అక్కా?"

"సొంత అక్క."

"ఇంట్లో ఉంటుందన్నావుగా ఆవేళ!" అన్నాడు మందలింపుగా. ఆ విసుగులోనే మైకు నొక్కాడు.

"అన్ని స్టేషన్లకు, అన్ని స్టేషన్లకు, అన్ని స్టేషన్లకు. ఇది తూనీగ, తూనీగ, తూనీగ. పన్నెండు గంటలకు నా నంబరు మీద వచ్చిన డిస్ట్రెస్ అలర్ట్ రద్దు చేయండి. మళ్లీ చెప్తున్నాను, రద్దు చేయండి. నేను ఆపదలో లేను. నా పడవ రేవులో కట్టేసి ఉంది. ఓవర్."

ఎక్కడా తడబడలేదు. పెద్దమ్మ కత్తిపీట పక్కన నిలబడి చేతులు నలుపుకుంటోంది.

"తూనీగ, ఇది గస్తీ బోటు. నీ గొంతే, గుర్తుపట్టాం. రద్దు అందింది. వెనక్కి తిరుగుతున్నాం. అవుట్."

ఆ గది కిటికీలోంచి కూడా సముద్రం కనిపిస్తుంది. నల్ల చుక్క లాంచీకి అరచేతి దూరం దాకా వచ్చి, పక్కకు వాలి, వచ్చిన దారినే పారిపోయింది. తెల్ల చుక్కలు రెండూ మళ్లీ కలిశాయి.

రేడియో మళ్లీ గరగరలాడింది. ఈసారి ఆడగొంతు.

"తూనీగ, ఇది సర్వే లాంచీ. రద్దు విన్నాం. అక్కడంతా క్షేమమేనా? ఓవర్."

చిన్నప్పట్నుంచీ తనను తిట్టిన గొంతు. మిణుగురు చెయ్యి తనంతట తానే మైకు వైపు వెళ్లింది. మాష్టారు దాని మీద అరచెయ్యి కప్పారు.

"ఛానల్ పదహారు కబుర్లకు కాదు."

సరంగు ఆమెను ఒకసారి చూసి మైకు నొక్కాడు. "అందరం క్షేమం. అందరం. అవుట్."

సాయంత్రానికి డిపార్ట్‌మెంట్ జీపు వచ్చి ఎగ్జామినర్‌ను తీసుకెళ్లింది. అతని బ్రీఫ్‌కేసు అడుగున ఆఫీసులోని చెవి ఎవరిదో రాసి ఉంది. చీఫ్ టైపిస్టుది. అసలు ఎగ్జామినర్‌కు పరీక్ష వాయిదా పడిందని దొంగ ఉత్తరం వెళ్లిందట. ఆయన మర్నాడు వస్తానన్నాడు. స్కార్ఫు ఆవిడ జీపెక్కుతూ తన లిప్‌స్టిక్ మిణుగురు చేతిలో పెట్టింది. "ఫోటోలన్నీ ఇందులో ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ నవ్వలేదు నువ్వు" అంది.

మిణుగురు నోట్‌బుక్ కోసం వెనక్కి వచ్చింది. మాష్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చంకలో కాలిపోయిన సెట్టు.

"ఒక్క సందేహం మాష్టారూ. మీ పడవలన్నీ ఎడారిలో ఎందుకు మునిగేవి?"

"ఎప్పుడైనా ఏమరుపాటున ఏరియల్ తగిలి మాట బయటికి పోయిందే అనుకోండి. ఏ పడవా వెళ్లలేని చోటై ఉండాలి కదా. ముప్పై ఏళ్లుగా అక్కడే ముంచుతున్నాను."

మిణుగురు తల దించుకుంది. నూటికి ఎనభై.

"రేపు సరంగు అన్నతో పాటు నేనూ పరీక్షకు కూర్చుంటాను. నాది మిగిలిపోయింది" అంది మెల్లగా.

"మొదటి పాఠం, మొదటి వాక్యం చెప్పండి."

"ప్రసారం అవుతున్నప్పుడు ఏరియల్ వైరు..." మిణుగురు ఆగిపోయింది.

"పీకకూడదు" అని పూర్తి చేశారు మాష్టారు. నోట్‌బుక్ ఆమె చేతికిచ్చారు. "దేశం సంగతి నాకు తెలియదమ్మా. సెట్టు సంగతి తెలుసు. వచ్చే బ్యాచ్‌లో రండి."

ఆమె మొహం మీదే తలుపు వేసేశారు.